ఫ్రెంచి నవలకు నేను చెప్పిన తప్పు తాత్పర్యం

లాల్‌దర్వాజాలో ఉండే పాలవ్యాపారి కొండల్ కూతురు సక్కుబాయి, వయసు ఇరవై మూడు, బడిలో పంతులమ్మ, రాసుకున్న వీలునామా. ఎల్లుండి నాకు ఊపిరితిత్తి ఆపరేషన్. నా మతి స్థిరంగా ఉంది, ఎవరి బలవంతమూ లేదు. ఇంట్లో మొదట చదువుకున్నదాన్ని కనుక ఎవరిచేతా రాయించకుండా నేనే రాస్తున్నాను. దీన్ని అమలు జరపవలసినవాడు మా అన్న బాలనర్సింహ.

1. నా వెండి పట్టీలు వదిన శారదమ్మకు. నేను పుస్తకం పట్టినప్పుడల్లా "దొరసాని సదువుతున్నది, సప్పుడు చెయ్యకుండ్రి" అని దెప్పేది. అయినా నా వంతు అంట్లు ఆమే తోమింది.

2. ఫ్రెంచి నిఘంటువు, నవల నాకు ఫ్రెంచి నేర్పిన టీచరు కోమలవల్లి గారికి తిరిగి ఇవ్వాలి. ఆ నవల పేరు రాయడానికి నాకు మొహం చెల్లడం లేదు. ఒక్కో వాక్యం అరపేజీ. క్రియ దొరికేసరికి కర్తను మరిచిపోయేదాన్ని. అర్థమవుతోందా అని ఆమె అడిగినప్పుడల్లా అవుతోందన్నాను. అది అబద్ధం.

3. నా జీతంతో కొన్న బర్రెను, దూడతో సహా, పక్కింటి వెంకటనారాయణ కూతురు బాలమ్మకు ఇస్తున్నాను. కారణం రాయక తప్పదు.

మా బాపు నా చదువుకు మురిసిపోయి మధ్యాహ్నాలు వాడకట్టు ఆడవాళ్లను మా అరుగు మీద కూర్చోబెట్టేవాడు. గుడిలో పురాణం చెప్పినట్టే నేనూ ముందు ఫ్రెంచి పైకి చదివి, తర్వాత తాత్పర్యం చెప్పేదాన్ని. శ్లోకానికి ఊపినట్టే ఫ్రెంచికీ తలలూపారు. తెలియనిచోట కల్పించాను. కథలో భార్య దెబ్బలు పడలేక ఇల్లు విడుస్తుంది. ఆ తర్వాతి ఇరవై పేజీలు నాకు కొరుకుడు పడలేదు. అందరూ నా మొహమే చూస్తున్నారు. భర్త ఏడ్చి మారాడని, ఆమె తిరిగి వెళ్లి సుఖపడిందని చెప్పేశాను.

బాలమ్మ అప్పుడు చేతికి కట్టుతో పుట్టింట్లో ఉంది. "అచ్చేసిన బుక్కుల ఉత్తగనే రాస్తరా అక్కా?" అంది. నాలుగు రోజులకు ఉస్మాన్‌గంజ్‌లోని అత్తింటికి వెళ్లిపోయింది.

కిందటి నెల ఆసుపత్రిలో, మాట మాటకూ నిఘంటువు చూస్తూ ఆ పేజీలు చదివాను. భర్త మారడు. ఆమె తిరిగి వెళ్లదు. వేరే ఊళ్లో బట్టలు కుట్టుకుని బతుకుతుంది. అప్పటికే బాలమ్మకు రెండో చెయ్యీ విరిగింది. అయినా నెల రోజులు నేను నోరు విప్పలేదు.

4. ఈ సంగతి నేను పోయాక అన్న బాలమ్మకు చదివి వినిపించాలని మొదట రాసి, కొట్టేశాను. చనిపోయాక ఆమె మొహం చూడనక్కర్లేదని అలా రాశాను. ఇవాళ పొద్దున రిక్షాలో వెళ్లి, వాళ్ల వాకిట్లో నిలబడి అంతా చెప్పాను, ఈ కొట్టేసిన మాటతో సహా. బాలమ్మ, "నువ్వు సచ్చినంక తెలిస్తే నేనెవర్ని తిట్టాలె?" అంది. తర్వాత గల్లీ అంతా వినేలా తిట్టింది. నేను తల వంచుకుని విన్నాను.

పుట్టింటికి వస్తానని అనలేదు, రానని అనలేదు. కనుక బర్రెకు షరతు లేదు. ఆమె భర్త దుర్గయ్యకు దాని మీద హక్కు లేదు. నేను బతికి వచ్చినా ఈ అంశం చెల్లుతుంది. ఆమె అడిగిన రోజున అన్న బర్రె తాడు ఆమె చేతిలో పెట్టాలి. ఎందుకని అడగకూడదు.

1957 ఫిబ్రవరి 11, లాల్‌దర్వాజా.

నా చేతిరాత, నా సంతకం: కె. సక్కుబాయి

చూసి సంతకం చేసిన సాక్షులు: గుడిలో పురాణం చెప్పే రామానుజం గారు, నాతో బడిలో పనిచేసే టీచరు రాధాబాయి.