గడ్డకు ఎండ

మంగళవారం, హసన్‌పర్తి

నిద్ర పట్టడం లేదు. మధ్యాహ్నం ల్యాబ్ నుంచి వచ్చేసరికి, నిన్ననే కీమో ఎక్కించుకున్న చిన్నమ్మ డాబా మీద మండుటెండలో కూర్చుంది. మెడంతా కమిలిపోయింది. ఎండలోకి వెళ్లొద్దని డాక్టర్ ఎన్నిసార్లు చెప్పాడు! గట్టిగా అరిచాను.

"నువ్వే గదా చెప్పినవ్ బిడ్డా, ఎలుగు తగిలిన కాడనే మందు పనిచేస్తదని. రొమ్ముల గడ్డకు ఎండ చూపెడ్తాన."

నేను చెప్పింది మా ల్యాబ్‌లో తయారవుతున్న, వెలుగు పడితేనే పనిచేసే నానో మందు గురించి. అదింకా ఎలుకల మీద పరీక్షించే దాకా కూడా రాలేదు. చిన్నమ్మకు ఎక్కించింది మామూలు మందే. అదే చెప్పాను. చిన్నమ్మ కొంగు మెడ మీదికి లాక్కుంది.

"గట్లనా? అయితే నీ మందు అచ్చేదాంక నీడలనే ఉంట."

సరే అన్నాను. ఏ ధైర్యంతో అన్నాను?