బాతు బొమ్మ బస్సు

ప్రియమైన చెల్లికి,

ఫోన్ చేస్తే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. అందుకే ఉత్తరం. నువ్వు ఊరూరా తిరిగి టీచర్లకు శిక్షణ ఇచ్చే ఈ ఏడాదంతా నీ కూతుర్ని నా దగ్గర ఉంచావు. దాని సంగతి దాచకుండా రాయడం నా బాధ్యత.

మన ఉడత బాగా తింటోంది, ఇల్లంతా గెంతుతోంది. కానీ దానికి చదవడం రాదే. నాలుగో తరగతి!

తొందరపడి అనడం లేదు. తొమ్మిది రోజులు దాని కథల పుస్తకం ముందు పెట్టుకుని, చదివిన మాటకో గీత, ఊహించిన మాటకో గీత నోటుబుక్కులో పెట్టాను. బొమ్మలుంటే గడగడా చదివేస్తుంది. బొమ్మ మీద కార్డు పెట్టి కప్పితే వంద మాటల్లో ఇరవైమూడే వచ్చాయి. మిగతా వాటికి అక్షరాల వంక చూడలేదు, నా ముఖం వంక చూసింది. నా కనుబొమ్మ కదిలితే చాలు, మాట మార్చేస్తుంది. "గుర్రమా? కాదా? పోనీ గాడిదా?"

ఏడెనిమిదులు ఎంతే అంటే, "అది నాకింకా దొరకలేదు పెద్దమ్మా" అంది. మంచం కిందేమైనా పడిందేమో వెతుకుదామా అన్నాను. అది పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

రోజూ కాసేపు కూర్చోబెట్టి నేర్పనా? సరే అను.

నీ మాట కోసం చూస్తూ,
అక్క


ప్రియమైన అక్కా,

మొలక వచ్చిందా అని రోజూ కుండీలో మట్టి తవ్వి చూసే మనిషివి నువ్వు! పిల్ల మీద కూడా లెక్కలేనా?

వద్దక్కా. చెప్పేస్తే వెతకాలన్న ఆశే చచ్చిపోతుంది. బొమ్మ చూడు, మొదటి అక్షరం చూడు, ఊహించు. టీచర్ల కోసం నేను రాసిన పుస్తకంలో మొదటి పేజీలో ఉన్నది ఇదే. నూట నలభై బడుల్లో ఇదే నడుస్తోంది, దాని బడిలో కూడా. అయినా నాకెవరు నేర్పారు? నాలుగున్నరేళ్ళకి, బడి గడప తొక్కకముందే, నాన్న చేతిలో పేపరు లాక్కుని చదివేశానుగా. ప్రతి శిక్షణా ఆ కథతోనే మొదలుపెడతాను. చప్పట్లు ఆగవు.

నువ్వు దాని చేయి వదలడం లేదు, అదీ సమస్య. రేపట్నుంచి బడికి ఒక్కదాన్నే బస్సులో పంపు. అన్నీ అదే కనుక్కుంటుంది. బావని అడిగానని చెప్పు.

నీ గారాల చెల్లి


చెల్లీ,

ఉడత క్షేమంగా ఉంది. ఆ మాట ముందు రాశాను, మిగతాది నిలకడగా చదువు.

సోమవారం, నువ్వు చెప్పినట్టే ఒక్కదాన్నే పంపాను. తొమ్మిదింటికి బడి నుంచి ఫోన్: పిల్ల రాలేదేమిటి? ఆ తర్వాత రెండున్నర గంటలు నేనెలా ఉన్నానో రాయలేను. మీ బావ పని వదిలేసి ఒక వైపు, నేను ఒక వైపు వెతికాం. నా కాళ్ళకు రెండు వేర్వేరు చెప్పులున్నాయని ఎవరో చెబితే చూసుకున్నాను. ప్రతి మలుపులోనూ జనం గుమిగూడి ఉంటారేమోనని చూడటానికి భయం, చూడకుండా ఉండటానికి భయం.

పదకొండున్నరకి ఎవరిదో నంబరు నుంచి ఫోన్. "పెద్దమ్మా, ఇక్కడ చాలా టైర్లున్నాయి."

"ఎక్కడున్నావే తల్లీ? ఎదురుగా బోర్డుందా? చదువు."

"ఉంది. కానీ బొమ్మ లేదు."

ఫోన్ ఇచ్చిన కొట్టతను తీసుకుని ఊరి చివర బస్సు డిపో అని చెప్పాడు. "అంత పెద్ద అక్షరాలమ్మా! ఈ పిల్ల బడికి వెళ్ళదా?" అన్నాడు.

మా బస్సు పక్కన సబ్బు ప్రకటన ఉంటుంది, అందులో బాతు బొమ్మ. నాలుగు నెలలుగా ఉడత బోర్డు చదవలేదు, బాతుని చదివింది. ఆ రోజు ఆ బస్సుని డిపో దారిలో వేశారు. ఉడతని మళ్ళీ నా దగ్గరికి చేర్చింది నా ఫోన్ నంబరు. అది ఉడత కనుక్కున్నది కాదు, జడ వేస్తూ నేను బట్టీ పట్టించినది.

ఇంకో మాట. ఇన్నేళ్ళూ దాచాను. నీ అంతట నువ్వే చదవడం నేర్చుకోలేదు. నేను నేర్పాను. అమ్మ జబ్బుపడితే నాన్న నన్ను ఏడో తరగతిలో బడి మానిపించారు. మధ్యాహ్నాలు తలుపు వెనక సుద్దముక్కతో రాసి, నీ చేత దిద్దించాను. పదకొండు నెలలు పట్టింది. నువ్వు పేపరు చదివిన రోజు, "దీనికెవరూ నేర్పలేదు" అని నాన్న మురిసిపోయారు. నేనింకా పుస్తకాలు పట్టుకుంటున్నానని తెలిస్తే అవి కూడా పోయేవి. నోరు మూసుకున్నాను.

నువ్వు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా, ఈ రోజు నుంచి నేర్పుతున్నాను.

అక్క


ప్రియమైన చెల్లికి,

ఆరు వారాలైంది. ఉత్తరం లేదు, ఫోన్ ఎత్తవు. కోపమైతే కోప్పడు, ఇలా మౌనంగా ఉంటే నాకు భయంగా ఉంది.

రోజుకి నలభై నిమిషాలు కూర్చుంటున్నాం. నేను చెబుతాను, అది చెబుతుంది, ఇద్దరం రాస్తాం. నిన్నటిది అడగనిదే కొత్తది ఎత్తుకోను. తప్పు పోతే "ఆలోచించు" అని వదిలేయను, సరైనది చెప్పి మళ్ళీ అనిపిస్తాను. అక్షరాలు, గుణింతాలు అయ్యాయి. ఎక్కాలు ఎనిమిది దాకా వచ్చాయి. ఆశ చచ్చిపోలేదే, ప్రశ్నలతో నన్ను చంపుతోంది!

ఈ రోజు స్టాపులో చేయి వదిలి నాలుగడుగులు వెనక నిలబడ్డాను. బాతు బస్సు వచ్చి ఆగింది. బోర్డు వంక చూస్తూ ఉడత పెదాలు కదుపుతోంది. బస్సు కదలబోతోంది. అది ఎక్కలేదు. "డిపోకి పోయేది పెద్దమ్మా" అంది. మా బస్సు ఎక్కి కూర్చున్నాక, "ఇవన్నీ రాసుంటాయని నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది.

దానికి జవాబు నువ్వే రాయి.

నీ అక్క


అక్కా,

కోపం కాదు. మొదట నమ్మలేదు. తర్వాత నమ్మకుండా ఉండలేకపోయాను.

నీ ఉత్తరం అబద్ధమని తేల్చడానికే నా పద్ధతి నడిచే బడుల్లో తిరిగాను. మొన్న ఒక బడిలో నీళ్ళ ట్యాంకు కడుగుతున్నారు. కుళాయి పైన కాగితం అంటించారు: ఈ రోజు ఈ నీళ్ళు తాగకండి, మందు కలిపాం. ఇంత పెద్ద అక్షరాలు. దాని కింద ఐదో తరగతి పిల్లలు వరసలో నిలబడి గ్లాసులు పట్టుకున్నారు. నేను అరిచాను. ముందున్న అమ్మాయి చేతిలోంచి గ్లాసు లాగేశాను. బెదిరిపోయి ఏడ్చింది. "చదవలేదా?" అంటే, "కుళాయి దగ్గర కదా, నీళ్ళు తాగండి అని ఉంటుందనుకున్నా" అంది. నా పుస్తకం చెప్పినట్టే ఊహించింది. ఎవరూ తాగలేదు. ఇంకో నిమిషం ఆగి వెళ్ళి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలడం లేదు.

ఉడత అడిగినదానికి జవాబు నేనే వచ్చి దాని ముందు కూర్చుని చెబుతాను. ఏమంటుందోనని భయంగా ఉంది.

పన్నెండో తేదీన అరవై మంది కొత్త టీచర్లు నా ముందు కూర్చుంటారు. నా కథ అబద్ధమని చెప్పగలను. ఆ తర్వాత ఎవరైనా లేచి "మరి ఎలా నేర్పాలండీ?" అంటే నా దగ్గర ఏమీ లేదు. ఇరవయ్యేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, ఒక్క పిల్లకి ఒక్క అక్షరం నేర్పలేదు. మొదటి రోజు ఏది చెప్పాలి, ఎన్ని చెప్పాలి, రానివాడిని ఏం చేయాలి, అన్నీ వరసగా రాసి పంపు. ఏదీ నాకు తెలిసే ఉంటుందని వదిలేయకు.

నీ దగ్గర చదువుకున్న,
చెల్లి