తోడు పెట్టిన మందు

ఫిబ్రవరి 4

ఈరోజు ఎలుకల రక్తనాళాలు చూశాను. నిలువునా కోసి, పరిచి, రంగులో ముంచితే కొవ్వు పేరుకున్న చోటల్లా ఎర్రటి మచ్చలు తేలతాయి. ఉత్త పాలు తాగిన ఎలుకకు నాళం నిండా మచ్చలే. మా బ్యాక్టీరియా తాగినదానికి నాలుగో, ఐదో.

మా అని ఎందుకు రాస్తున్నానంటే దాన్ని పెంచింది నేను. రీసెర్చ్ పేపర్లో నా పేరు ఉండదు. పదో తరగతితో చదువు ఆగిపోయి, ల్యాబులో గాజుసామాను కడగడానికి చేరినదాన్ని. గోడలకు అంటించిన కాగితాలు చదివి చదివి మీడియా, అంటే బ్యాక్టీరియాకు వేసే మేత, కలపడం నేర్చుకున్నాను. డిగ్రీలున్నవాళ్ళు ఫ్లాస్కు మీద తేదీ రాయడం మరిచిపోతారు. నేను ఒక్కసారి కూడా మరిచిపోలేదు.

అది పాలను పులియబెట్టే బ్యాక్టీరియానే, తిన్నా ఏమీ కాదు. దాంట్లోకి కొత్తగా ఒక జన్యువు ఎక్కించారు. మింగితే పేగుల్లో కూర్చుని ఒంటికి పాఠం చెబుతుందట, నీ రక్తనాళాల మీదికి నువ్వే దండెత్తకు అని. సూది లేదు. తాగే వ్యాక్సిన్.

బావ గుండెలో రెండు స్టెంట్లున్నాయి. మూడో చోట సగం పూడింది.

ఫిబ్రవరి 5

బావకు ఇవ్వొచ్చా అని ల్యాబు నడిపే మేడమ్‌ని అడిగాను. ఇవి ఎలుకలమ్మా, మనుషుల దాకా రావాలంటే పదేళ్ళు పడుతుంది అంది. రెండోసారి అడిగాను. మూడోసారి అడిగితే, చెప్పానుగా అని విసుక్కుని కంప్యూటర్ వైపు తిరిగింది.

పదేళ్ళట. అప్పటిదాకా బావ గుండెను క్యూలో నిలబడమని చెప్పాలా?

ఫిబ్రవరి 9

తెచ్చేశాను. చిన్న ట్యూబు. సాక్సులో దోపుకుని.

ఫిబ్రవరి 10

పాలు కాచి, చల్లార్చి, ట్యూబులోది కలిపి మూత పెట్టాను. సాయంత్రానికి తోడుకుంది. రోజూ ఒక చెంచా తీసి మర్నాటి పాలల్లో వేస్తే చాలు, ఇక ల్యాబు జోలికి వెళ్ళక్కర్లేదు. ల్యాబులో అయితే ఫ్లాస్కుకు ఇన్ని చుక్కలని యాంటీబయాటిక్ వేస్తాం, వేరే క్రిములు చేరకుండా. జబ్బు మనిషికి ఆ చెత్త ఎందుకు? నేను వేయలేదు.

బావ లిఫ్టు మెకానిక్. గ్లాసు చేతిలో పెడితే వాసన చూసి, ఏమే మరదలు పిల్లా, ఎలుకలైపోయాయి ఇక నా వంతా, రేపు తోక మొలిస్తే మీ అక్క నన్ను గడప తొక్కనిస్తుందా అన్నాడు. తొక్కనివ్వను, నీకు తోక ఒక్కటే తక్కువ అని అక్క వంటగదిలోంచి అరిచింది.

మేడమే పంపించిందని చెప్పాను. నేను చేశానంటే తాగడు.

గటగటా తాగేశాడు.

ఫిబ్రవరి 22

మేడమ్ చల్లగా ఉండాలి అంటూ రోజూ గ్లాసు ఎత్తి మరీ తాగుతున్నాడు. నాకు ఒళ్ళు మండుతుంది. నన్ను విసుక్కున్న ఆవిడకు ఈయన దీవెనలు.

మార్చి 16

బావ మాత్రల అట్టలు షెల్ఫులో చింపకుండా అలాగే ఉన్నాయి. కొలెస్ట్రాల్‌దీ, రక్తం గడ్డకట్టకుండా వేసుకునేదీ, రెండూ. అడిగితే, మానేసి పద్దెనిమిది రోజులైందే, వాటితో వచ్చిన పిక్కల నొప్పులు చేత్తో తీసేసినట్టు పోయాయి, మీ మేడమ్ మందు ఉండగా ఆ దరిద్రం ఎందుకు అన్నాడు. మీ అక్కకు చెప్పావో నీ సంగతి చెప్తా అని కూడా అన్నాడు.

అట్టలు ఆయన చేతిలో పెట్టి వేసుకోమనాలి. అనలేదు. గర్వంగా అనిపించింది. ఇది ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడా ఒప్పుకోలేను.

ఏప్రిల్ 2

కొత్తగా వచ్చిన రీసెర్చ్ అమ్మాయి ఫ్లాస్కుల్లో యాంటీబయాటిక్ వేయడం మరిచిపోయింది. మేడమ్ అందరి ముందూ దులిపేసింది. ఆ జన్యువు బ్యాక్టీరియాకు మోత బరువు, యాంటీబయాటిక్‌ని తట్టుకునే శక్తి కూడా ఆ మూటలోనే ఉంది, అది వేస్తేనే మూట మోస్తాయి, వేయకపోతే ఎక్కడికక్కడ దింపేసి హాయిగా పెరుగుతాయి, నీ ఫ్లాస్కులో ఉన్నవి ఇప్పుడు ఉత్త పాల బ్యాక్టీరియా అంది.

నేను సింకు దగ్గర ఉన్నాను. ఇంట్లో పాలల్లో నేనూ ఆ చుక్కలు వేయలేదు.

ఏప్రిల్ 3

ఇంట్లోది ఒక చుక్క తీసుకెళ్ళి మీడియా పోసిన రెండు చిన్న ప్లేట్ల మీద పూశాను. ఒకటి మామూలుది. రెండోది యాంటీబయాటిక్ ఉన్నది. మూటతో ఉన్నవైతేనే రెండోదాని మీద పెరుగుతాయి.

ఏప్రిల్ 4, ఉదయం 8

మొదటిది నిండిపోయింది. రెండోది ఖాళీ.

ఏప్రిల్ 4, సాయంత్రం

యాభై రోజులకు పైగా పుల్లపాలు తాగించాను. అందులో నెల దాటి మాత్రల్లేవు.

ప్లేట్లు మూతలకు టేపు చుట్టి తెచ్చి బావ ముందు పెట్టాను. మందు పోయింది బావా, ఎప్పుడో పోయింది, రేపటినుంచి మాత్రలేసుకో అన్నాను. బావ మొదటి ప్లేటును లైటు దగ్గర పెట్టి చూసి, ఇదుగో పుట్టలు పుట్టలుగా ఉన్నాయి కదే అన్నాడు. మళ్ళీ చెప్పాను. అంత చదువుకున్నావిడ ఇచ్చిన మందు, గాజుగ్లాసులు కడిగేదానివి నువ్వు పోయిందంటే పోతుందా అన్నాడు.

ఆ మాట బావ నోట ఎప్పుడూ రాలేదు. నేను అరిచాను. ఏం అరిచానో గుర్తులేదు. అక్క వచ్చి, మాత్రల సంగతి అప్పుడు విని, మీ ఇద్దరికీ నా బతుకు ఆటైపోయిందా అని గిన్నెడు పాలూ సింకులో కుమ్మరించింది. కుమ్మరించుకో, వర్క్‌షాపులో ఇంకో డబ్బా తోడేసి ఉంచాను అన్నాడు బావ.

ఏప్రిల్ 6

రెండంతస్తులు ఎక్కి బావ మెట్ల మీదే కూలబడ్డాడు. చెయ్యి ఛాతీ మీద. చెమటలు. ఆస్పత్రికి పద అంటే, గ్యాసే, కాస్త నీళ్ళియ్యి అన్నాడు. ఐదు నిమిషాలకు తేరుకుని, చూశావా, మందు పనిచేయకపోతే లేచేవాణ్ణా అన్నాడు.

అక్క ఏడ్చినా వినలేదు. మేడమ్ చెబితే వింటాడు. మేడమ్‌కి చెప్పడమంటే దొంగతనం ఒప్పుకోవడం. కడిగే సింకు దగ్గర్నుంచి మీడియా గదిలోకి రావడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఇంకెక్కడ ఇస్తారు నాకు ఆ గది?

ఏప్రిల్ 7

తొమ్మిదింటికి చెప్పేశాను. మేడమ్ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి మూడే అడిగింది. చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నాడు? నొప్పి ఎన్నిసార్లు వచ్చింది? డబ్బాలు ఎక్కడెక్కడున్నాయి? తర్వాత తన కార్లో ఎక్కమంది.

మా వంటింట్లో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంది. బావ మర్యాదగా లేచి నిలబడ్డాడు. మీ దయవల్ల బాగున్నానండీ అన్నాడు. నేను మీకేమీ పంపలేదండీ అంది మేడమ్. ఇది ఎలుకల్లో పనిచేసింది, అదీ జబ్బు ముదరకముందు మొదలుపెడితేనే, మనిషికి పనిచేస్తుందో లేదో నాకే తెలియదు, మీ స్టెంట్లు మూసుకుపోకుండా ఆపుతున్నది మీరు మానేసిన ఆ మాత్ర అంది.

బావ నా వైపు తిరిగాడు. ఆవిడే పంపిందన్నావు కదే అన్నాడు.

బావ చొక్కా వేసుకుని అక్కతో ఆస్పత్రికి వెళ్ళాడు. ఈసీజీలో తేడా ఉందట. మాత్రలు మళ్ళీ మొదలు. వచ్చే వారం యాంజియోగ్రామ్.

మేడమూ నేనూ వర్క్‌షాపుకు వెళ్ళి డబ్బాలో బ్లీచింగ్ పోశాం. ఇంటి సింకులో కూడా. తిరిగి వస్తుంటే ఆవిడ, ప్లేట్లు సరిగ్గా పూశావు అంది. రేపు గేటు దగ్గర కార్డు ఇచ్చెయ్యి, జరిగింది జరిగినట్టు రిపోర్టు రాయక తప్పదు అంది.

మూడేళ్ళు ఆ చుక్కలు నా చేత్తో వేశాను. ఎందుకు వేస్తున్నానో ఒక్కరూ చెప్పలేదు. వాళ్ళ మీద మండిపోవాలని ఇందాకటినుంచి చూస్తున్నాను. నేనూ ఒక్కసారి కూడా అడగలేదు. తెలుసనుకున్నాను.

ఏప్రిల్ 9, ఉదయం 7

బావ రెండు మాత్రలూ మింగాడు. నేను అడగకుండానే నా ముందుకొచ్చి, నోరు బార్లా తెరిచి, నాలుక ఎత్తి చూపించాడు. అలాగే నిలబడ్డాడు. చాలు బావా అనాలి. నాలుక కింద మాత్ర లేదని చూసి, రెండు అట్టల మీదా తేదీ రాశాను.