మూడో తూము దగ్గర బుంగ గురించి కాలువ అధికారి గారికి విన్నపం

జూన్ 26

లార్క్‌స్పర్ కౌంటీ కాలువ నీటి అధికారి శ్రీ థేరన్ ఓక్స్ గారి సముఖమునకు, మోంటానా రాష్ట్రం హెన్లీ ఫోర్క్ నివాసి, లిఫ్టుల మెకానిక్కుగా పనిచేసి విరమించిన ఎల్విన్ ప్రూయిట్, వయస్సు 63, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా ఊరి కాలువ గట్లు, తూములు చూసుకునే లస్కరుగా నియమితుడైన గిల్బర్ట్ అరోయో అను వ్యక్తి అనర్హతను గురించియు, ఈ నెల 18వ తేదీన మూడో తూము వద్ద పడిన గండిని గురించియు.

సదరు లస్కరు మీద ఫిర్యాదులు ఉన్నవారు 30వ తేదీలోగా వ్రాతపూర్వకంగా తెలుపుకోవలసిందని తమరు పోస్టాఫీసు గోడకు అంటించిన నోటీసును చూసి, నా ఫిర్యాదులను వరుసగా తమ దృష్టికి తెస్తున్నాను.

1. నేను, నా భార్య నడీన్ పంతొమ్మిది సంవత్సరాల క్రితం అక్టోబరులో ఒహాయో నుంచి వచ్చి ఈ ఊళ్లో స్థిరపడ్డాము. ఇరవై రెండేళ్లు లిఫ్టు గుంటల్లో చీకట్లో పనిచేసిన నాకు, కొండల మధ్య, ఆకాశం కింద బతకాలని కోరిక. ఊళ్లో రెండంతస్తులు దాటిన కట్టడం ఒక్కటీ లేదని తెలిసే వచ్చాను. ఇన్నేళ్లయినా నన్ను ఈ ఊరివారు "ఒహాయో ఆయన" అనే వ్యవహరిస్తున్నారు. సదరు అరోయో ఫ్రెస్నోలో సిటీ బస్సు నడిపి, భార్య పోయిన తరువాత, కిందటి సెప్టెంబరులో వచ్చాడు. ఇప్పటికి తొమ్మిది నెలలు. అతన్ని ఎవరూ "ఫ్రెస్నో ఆయన" అనరు. గిల్బర్ట్ అంటారు.

2. రోడ్డు మీద బండ్లు ఎదురైనప్పుడు ఇక్కడివారు స్టీరింగు మీది నుంచి వేళ్లు ఎత్తి పలకరించడం తమరు ఎరిగినదే. నాకు ఒక వేలు ఎత్తుతారు. అరోయోకు చెయ్యంతా ఎత్తుతారు. ఇది నా భ్రమ అని నా భార్య అంటుంది. వారం రోజులు ధాన్యం గోదాము మలుపు దగ్గర బండి ఆపుకుని నేను స్వయంగా గమనించాను. భ్రమ కాదు.

3. వెర్నా గారి కాఫీ హోటలు గోడకు కొక్కేలు ఉన్నాయి. ఊరివారి కప్పులు వాటికి వేలాడుతుంటాయి, ఒక్కొక్క కప్పు మీద ఒక్కొక్క పేరు. నేను పంతొమ్మిదేళ్లుగా బాటసారులకు ఇచ్చే తెల్ల కప్పులో తాగుతున్నాను. అరోయోకు క్రిస్మస్ కల్లా పేరుతో కప్పు వేలాడింది. కప్పు ఎలా ఇస్తారని నేనెప్పుడూ అడగలేదు. అలాంటిది అడిగి తెచ్చుకునేది కాదు కదా.

4. బాయ్డ్ సండ్‌క్విస్ట్ గారు ముప్ఫై ఒక్క సంవత్సరాలు మా కాలువ లస్కరుగా చేశారు. కాలువ మీద మూడో తూము కింద వారి పచ్చిక పొలం. హోటల్లో పదకొండేళ్లుగా వారి పక్క బల్ల నాది. వాన గురించి, గొడ్ల ధరల గురించి రోజూ రెండు మాటలైనా మాట్లాడుకునేవాళ్లం. ఈ ఊళ్లో నాకు స్నేహితుడని చెప్పుకోదగ్గ మనిషి ఆయన ఒక్కరే. చలికాలం నుంచి ఆయన అరోయోతో ఒకే బల్ల దగ్గర కూర్చుంటున్నారు. వసంతంలో దూడలకు ముద్రలు వేసే రోజున అరోయో చేత దూడ కాళ్లు పట్టించారు. నేను ఒక్కసారి వెళ్లాను, తొమ్మిదేళ్ల కిందట. "మీరు అలా గేటు దగ్గర నిలబడండి ఎల్విన్ గారూ, బట్టలు పాడవుతాయి" అన్నారు. నిలబడ్డాను.

అటుపిమ్మట బాయ్డ్ గారు మోకాళ్ల నొప్పుల వల్ల పని మానుకుంటూ, ఏప్రిల్‌లో జరిగిన కాలువ సమావేశంలో తమ స్థానంలో అరోయోను వేయమని చెప్పారు. అందరూ చేతులెత్తారు. నా మనవి ఏమనగా, పదకొండేళ్లుగా ప్రతి వసంతంలోనూ ఎవరూ చెప్పకుండానే ఆ తొమ్మిది మైళ్ల కాలువ గట్టు నేను నడిచాను. గాలికి దొర్లి వచ్చి పడే ముళ్లకంప తీశాను. ఏ తేదీన ఏ తూము దగ్గర ఎంత నీరు పారిందో, ఎక్కడ ఎలుక బొరియలు పడ్డాయో పుస్తకంలో వ్రాసి పెట్టాను. ఆ పని కోసం నేను దరఖాస్తు పెట్టలేదన్నది నిజమే. కాని గట్టు మీద నడిచే మనిషిని ఈ ఊళ్లో ఎవరూ చూడలేదా?

5. పై తెలిపిన అరోయో నిర్లక్ష్యం కారణంగా, 18వ తేదీ తెల్లవారేసరికి మూడో తూము పక్క గట్టుకు ఆరడుగుల గండి పడి, బాయ్డ్ గారి కోసిన ఆల్ఫాల్ఫా గడ్డి ఇరవై ఎకరాలు నీట మునిగింది. 20వ తేదీన ఫైర్‌స్టేషను హాలులో జరిగిన సమావేశంలో అరోయో లేచి నిలబడి, తప్పు తనదేనని, ముందు రోజు ఎగువ తూముల దగ్గర కంప తీయడంలో పొద్దుపోయి మూడో తూము దాకా నడవలేకపోయానని ఒప్పుకున్నాడు. అది తమ రికార్డులో ఉన్నది. కనుక సదరు వ్యక్తిని లస్కరు పని నుంచి తొలగించి

అయ్యా, ఇక్కడి వరకు వ్రాసి కాఫీ కలుపుకోవడానికి లేచాను. తిరిగి వచ్చేసరికి నా భార్య ఈ కాగితాలు చదువుతున్నది. చదివి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇందులో పదిహేడో తారీఖు ఏదీ?" అన్నది.

నేను కాఫీ కప్పు బల్ల మీద పెట్టాను.

"ఆ రోజు నువ్వు బూట్ల నిండా బురదతో వచ్చావు. ఎక్కడికెళ్లావంటే నాలుగుసార్లు అడిగితే చెప్పావు. అది కూడా రాయి."

ఇది లస్కరు మీద అర్జీ అని, నా మీద కాదని చెప్పాను.

"అయితే పోస్టుకి నువ్వే మోసుకెళ్లు. నేను ముట్టుకోను. వచ్చే సోమవారం సమావేశంలో వాడి పని పోతే, వాడు మన గుమ్మం ముందు నుంచే కదా నడిచి వెళ్లాలి. అప్పుడు నువ్వు ఏ కిటికీ దగ్గర నిలబడతావో చూస్తా."

ఆమె మొలకలకు నీళ్లు పోయడానికి పెరట్లోకి వెళ్లిపోయింది. కావున పై అంశం పూర్తి కాలేదు. దాని స్థానంలో దిగువ అంశాన్ని స్వీకరించవలసిందిగా ప్రార్థన.

6. 17వ తేదీ సాయంత్రం నాలుగు గంటలకు నేను మూడో తూము దగ్గరకు వెళ్లాను. వెళ్లవలసిన పని లేదు. అరోయో పని ఎలా ఉన్నదో, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమో చూడాలని వెళ్లాను. గట్టు వెలుపలి వైపు మోకాలెత్తున బుంగ పడి ఉన్నది. బొటనవేలంత ధార. నీరు ఇంకా తేటగానే వస్తున్నది. అంటే మట్టి కోయడం మొదలు కాలేదన్నమాట. బండిలో పార ఉన్నది. నాలుగు పారల మట్టి వేసి, గడ్డి దుబ్బు కుక్కి, కాలితో తొక్కితే పది నిమిషాల పని. పదకొండేళ్లలో అలాంటివి ఇరవై దాకా పూడ్చాను. ఏదీ ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు పూడ్చలేదు. అరోయోకు ఫోను కూడా చేయలేదు. గట్టు మీద కూర్చుని ఆ ధార వంక చూస్తూ ఉండిపోయాను. నా మనస్సులో ఏమున్నదో తమకు దాచను. రేపు ఊరంతా అతని వంక చూడాలి, బాయ్డ్ గారు హోటల్లో నా బల్ల దగ్గరకు వచ్చి, ఈ పని మీకు ఇవ్వవలసింది ఎల్విన్ గారూ అనాలి. అంతే. గండి పడి పొలం మునగాలని కోరుకోలేదు. కాని పడుతుందని తెలుసు. అరగంట కూర్చుని ఇంటికి వచ్చి భోజనం చేశాను. ఆకలిగానే తిన్నాను.

సమావేశంలో అరోయో లేచి తప్పు నాదన్నప్పుడు నేను మూడో వరుసలో ఉన్నాను. అక్కడ కూడా నాకు అసూయే కలిగింది. తప్పు ఒప్పుకున్నా ఆ మనిషి మీద జనానికి జాలి పెరిగిందే కాని తగ్గలేదు. ఒకావిడ అతని భుజం తట్టి వెళ్లింది.

మరునాడు అతను మా ఇంటికి వచ్చాడు. నేను కాలువ లెక్కలు వ్రాస్తానని బాయ్డ్ గారు చెప్పారట. "మీ పుస్తకం ఒక్కసారి ఇస్తారా? గట్టు ఎక్కడెక్కడ బలహీనమో నాకు తెలీదు. వీలుంటే ఒకరోజు నాతో నడవండి, చూపిద్దురు గానీ" అని అడిగాడు. ఆ పుస్తకం నా వెనుక బల్ల మీదే ఉన్నది. కనబడడం లేదని చెప్పాను. పరవాలేదని చెప్పి, నా భార్య పెంచిన టమాటా మొలకలు బాగున్నాయని మెచ్చుకుని వెళ్లాడు.

ఈ అర్జీని తిరిగి మొదటి నుంచి వ్రాయడం మర్యాద అని ఎరుగుదును. అలా వ్రాస్తే మొదటి నాలుగు అంశాలు వ్రాయను. కాని అవి కూడా జరిగినవే కనుక ఉంచుతున్నాను.

కావున ప్రార్థన ఏమనగా: గిల్బర్ట్ అరోయోను లస్కరుగా కొనసాగించవలెను. గండికి బాధ్యుడు నేనని రికార్డులో వ్రాయవలెను. ఆ గట్టును తిరిగి కట్టి రాతి పేర్పు వేసే పని కూలి లేకుండా నా చేత చేయించవలెను. సమావేశంలో ఈ కాగితం చదవవలసి వస్తే చదవవచ్చును. రెండో అంశం మాత్రం చదవకుండా వదిలేయగలరేమో ఆలోచించవలెను.

నిజాన్ని తొమ్మిది రోజులు ఆలస్యంగా తెచ్చినందుకు మన్నించి, ఆలస్యమైనా నిజమే గనుక చిత్తగించవలెనని వేడుకొను,

తమ విధేయుడు,
ఎల్విన్ ప్రూయిట్

తా.క. జూన్ 29. అయ్యా, ఇది మూడు రోజులు మా ఇంట్లోనే ఉండిపోయింది. బాయ్డ్ ఈ మాట కౌంటీ ఆఫీసు వాళ్ల నోటి నుంచి వినకూడదని నడీన్ పట్టుబట్టింది. 27 పొద్దున్న వాళ్ల పొలానికి వెళ్లాను. ఆయన ట్రాక్టరు మీద ఉన్నారు. కింద నిలబడి మొత్తం చెప్పాను. ట్రాక్టరు ఆపేశారు. తరవాత మొదలుపెట్టారు.

"ఒరేయ్, పార నీ బండిలోనే ఉంది కదరా. పది నిమిషాలు వంగలేకపోయావా? ఇరవై ఎకరాలు కుళ్లబెట్టావు. చలికాలం గొడ్లకేం పెట్టమంటావు, నీ లెక్కల పుస్తకమా?"

నన్ను ఎందుకు లస్కరుగా వేయలేదో అడిగాను. అడగడానికి అది సమయం కాదు. అయినా అడిగాను.

"నీకు కావాలని నాకెవరు చెప్పార్రా? అడగందే అమ్మయినా పెట్టదు. పంతొమ్మిదేళ్లలో మా గుమ్మం ఎక్కి ఒక తాడు అడిగావా, పార అడిగావా? నువ్వొచ్చిన మొదటి చలికాలం మా దారిలోనే నీ బండి మంచులో దిగబడింది. నాలుగు గంటలు ఒక్కడివే తవ్వుకున్నావు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నా. రెండుసార్లు కోటు తొడిగి విప్పేశా, వస్తే ఏమనుకుంటావోనని. గిల్బర్టుగాడు వచ్చిన మూడో రోజే తలుపు కొట్టి బండి లాగమన్నాడు. నీకేమో ఒంటరిగా ఉండటం ఇష్టమని మేమంతా నీ జోలికి రాకుండా మర్యాదగా ఉన్నాం. ఆ మర్యాదకి నువ్విచ్చిన బహుమానం ఇదా?"

అరగంట తిట్టారు. నడీన్‌కు కూడా చెప్పలేని, ఇక్కడ వ్రాయలేని మాటలు. చివరికి, రేపు పొద్దున్న పంగలకర్ర పట్టుకుని వచ్చి ఈ కుళ్లు గడ్డంతా ఎత్తిపొయ్యమని ట్రాక్టరు స్టార్టు చేశారు.

ఇంటికి నడిచి వచ్చాను. పంతొమ్మిదేళ్లలో ఈ ఊళ్లో నన్ను ఎవరూ తిట్టలేదు. ఒరేయ్ అనలేదు. అందరూ మీరు, గారు అనేవారు. సిగ్గుతో తల ఎత్తలేకపోయినా, లోపల ఎక్కడో ఇంత అన్నం పెట్టినట్టు ఉంది.

మరునాడు ఆ పొలంలో గిల్బర్ట్ కూడా ఉన్నాడు. అతనికీ చెప్పాను. పని ఆపి నా వంక చూశాడు. "హాల్లో అంతమంది ముందు నేను నిలబడ్డప్పుడు మీరు అక్కడే ఉన్నారు" అన్నాడు. అంతకు మించి సాయంత్రం దాకా ఒక్క మాట లేదు. అతని కోపం న్యాయమైనది. ఈ రోజు పొద్దున్నే మా తలుపు కొట్టి, పుస్తకం దొరికిందా అని మాత్రం అడిగాడు. ఇచ్చాను. ఇద్దరం నాలుగో తూము దాకా నడిచాం. మూడు చోట్ల బొరియలు చూపించాను. తిరిగి వచ్చేటప్పుడు, బాయ్డ్ నిన్ను కూడా ఎప్పుడైనా తిట్టారా అని అడిగాను. దూడల గేటు వెయ్యనందుకు ఒకసారి, తూము మరకు గ్రీజు పెట్టనందుకు ఒకసారి, గండి పడ్డ రోజు, మళ్లీ ఆ మర్నాడు అని వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు.

తొమ్మిది నెలల్లో నాలుగుసార్లు. నాకు పంతొమ్మిదేళ్లకు ఒకటి. ఈ విషయంలో తమ కార్యాలయం చేయగలిగింది ఏమీ లేదని ఎరుగుదును.