రాని కార్డులు

గుణదల,
12 జూన్ 2024.

ఈరోజు పనులు: మినప్పప్పు రుబ్బాను, దుప్పట్లు ఉతికాను, ఎండుమిరపకాయల తొడిమలు తీశాను. మీ బావగారితో మాట్లాడటం ఒక్కటే కాలేదు.

చెల్లీ దుర్గా,

ఫోనులో చెబితే పక్కగదిలోకి వినిపిస్తుంది, అందుకే రాస్తున్నాను. మన చీరల షాపు గదిని ఓనరు పద్మావతమ్మగారు అమ్మేస్తున్నారు. నెలాఖరులోగా మేం కొనకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తారట. మా ఇద్దరి పేరా లోనుకి పెట్టాం. నిన్న బ్యాంకు కాదంది. కారణం నేనట. నలభై రోజుల్లో ఆరు క్రెడిట్ కార్డులకి దరఖాస్తు చేశాననీ, అప్పు ఇచ్చేముందు బ్యాంకులు చూసే నా క్రెడిట్ స్కోరు పడిపోయిందనీ చెప్పారు. "ఒక్క కార్డూ రాలేదు కదండీ" అన్నాను. "రాకపోయినా, అడిగిన ప్రతిసారీ రికార్డులో పడుతుందమ్మా. ఇలా వరసపెట్టి అడిగితే డబ్బుకి బాగా ఇబ్బందిలో ఉన్నారనుకుంటాం" అన్నారు మేనేజరు.

ఇంటికొచ్చాక మీ బావగారు, "నాకు తెలియకుండా ఏం కొనుక్కుందామనుకున్నావు, పార్వతీ? కొత్తిమీర కట్టకి కూడా పద్దు రాసే మనిషివి!" అన్నారు.

ఆ దరఖాస్తులు కింది వాటా అమలమ్మగారి అబ్బాయి ఆరోన్ కోసం పెట్టినవి. వాడు రకరకాల బ్యాంకుల కార్డులు అమ్మిపెట్టే ఏజెన్సీలో చేరాడు. టార్గెట్ పూర్తికాకపోతే ఉద్యోగం పోతుందని మొహం వేలాడేసుకుని మెట్లమీద కూర్చున్నాడు. "మీ పాన్ నంబరు ఇవ్వండాంటీ, చాలు. కార్డు రాకపోతే మీకొచ్చే నష్టమేం లేదు" అన్నాడు. వాడూ అదే నమ్మాడు. నేను టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో పడినప్పుడు పాకే వయసులో ఉన్న మా సింధూరిని సాకింది వాళ్లమ్మే. ఆ ఋణం ఇలాగైనా తీరుతుందని వాడితో అని, నంబరు ఇచ్చాను.

వాడి పేరు చెబితే ఈయన కిందకి దిగి కేకలేస్తారు. షాపు ఎలాగూ పోతుంది, చెప్పకపోతే నామీద ఈయన నమ్మకమూ పోతుంది. అయినా చెప్పకూడదనే నిశ్చయించుకున్నాను. నువ్వూ చెప్పకు.

నీ అక్క,
శివపార్వతి

గుణదల,
20 డిసెంబరు 2024.

ఈరోజు పనులు: బూజు దులిపాను, పాత డబ్బాలు తోమాను, సున్నుండలు చుట్టాను.

దుర్గా,

ఇంతకాలం ఏమీ రాయలేదని కోప్పడకు. లోను సంగతి తేలాకే రాద్దామనుకున్నాను. నా నిశ్చయం రెండు రోజులు కూడా నిలవలేదు. మా గొడవ కిందికి వినబడి, ఆరోన్ పైకొచ్చి మీ బావగారి ముందు అంతా చెప్పేశాడు. ఈయన లేచేలోగా వెనకాలే అమలమ్మగారు వచ్చారు. కొడుకుని వదిలేసి నన్ను కడిగేశారు. "మావాడికి పెట్టిన ఉగ్గే నీ పిల్లకీ పెట్టాను. అది అప్పని ఇన్నేళ్లూ లెక్క రాసుకున్నావా, పార్వతీ?"

నాకు తలెత్తబుద్ధి కాలేదు. మీ బావగారే ఆమెకి కుర్చీ జరిపారు.

మర్నాడు ఆమే మమ్మల్ని పద్మావతమ్మగారింటికి తీసుకెళ్లారు. ఆవిడ జాకెట్లన్నీ కుట్టేది ఈమేగా. "ఆర్నెల్లు ఆగండమ్మా. ఆగనంటే ఇకమీద మీ జాకెట్లు మీరే కుట్టుకోండి" అన్నారు. ఆవిడ నవ్వేసి ఒప్పుకున్నారు.

ఆ తర్వాత బ్యాంకు మేనేజరు చెప్పినట్టే కొత్తగా దేనికీ దరఖాస్తు పెట్టలేదు. వాయిదాల్లో ఫ్రిజ్ ఇస్తామన్నా వద్దన్నాను. స్కూటరు వాయిదా ఒక్కరోజు దాటనివ్వలేదు. నా స్కోరు నేను చూసుకుంటే తగ్గదట, అందుకని నెలనెలా చూసుకున్నాను. మెల్లగా కోలుకుంది. నిన్న లోను మంజూరైంది. ఆరోన్ ఇప్పుడు పాన్ నంబరు అడిగేముందే, కార్డు రాకపోయినా స్కోరు తగ్గుతుందని చెబుతున్నాడట, అమ్మకాలు తగ్గాయని గొణుగుతున్నాడు.

పొద్దున అమలమ్మగారికి సున్నుండలు పట్టుకెళ్లి, "మీ ఋణం..." అనబోయాను. "మళ్లీ మొదలెట్టావా?" అని డబ్బా లాక్కున్నారు.

నీ అక్క,
శివపార్వతి

ఈరోజు పద్దులో ఆఖరున రాసుకున్నది: అమలమ్మగారికి నా బాకీ చెల్లు. ఆమె కట్టనివ్వలేదు.