మా కారవాన్ కామెరాన్ బయలుదేరింది

జూన్ 1, 2000, గురువారం. ఉదయం 6.10
కారవాన్ దొరికింది! మూడు పడకలు, ఒక పొయ్యి, బొమ్మల పెట్టెంత సింకు! సింగపూర్ బిషాన్‌లో మా పై అంతస్తులో ఉండే విఘ్నేశ్వరన్ అంకుల్‌ది. మలేషియాలోని ఇపోలో పుట్టిన తెలుగాయన, తువాస్‌లో లారీల షెడ్డు నడుపుతారు. షెడ్డులో మూలపడి ఉన్నదాన్ని సెలవులకి వాడుకోమని ఊరికే ఇచ్చారు, బాగుచేసుకోవడం మాత్రం నా పని.
17వ తేదీ శనివారం ఉదయం ఆరింటికి నేను, కల్పన, మా అమ్మాయి శర్మిల దాన్ని కారుకి తగిలించుకుని మలేషియా కొండల్లోని కామెరాన్ హైలాండ్స్ వెళ్తున్నాం. చక్రాల ఇంట్లో నిద్రపోతానని శర్మిల అప్పుడే క్లాసు పిల్లలందరికీ ఫోన్లు చేసి చెప్పేసింది. ఎనిమిదేళ్లకే ఎంత ప్రచారమో!
తీర్మానం: రోజూ ఆఫీసు నుంచి నేరుగా తువాస్. గంట పని. ఒక్కరోజు కూడా మానను.

జూన్ 2. సాయంత్రం 6.30
కడిగాను. రెండు బల్లులు ఇల్లు ఖాళీ చేశాయి. లైట్ల వైరు కలిపాను. బ్రేకు తొక్కితే కారవాన్‌కి ఎడమ సిగ్నల్ వెలుగుతోంది. ఏదో ఒకటి వెలుగుతోంది కదా! సగం పని అయినట్టే.

జూన్ 5
క్లయింటు వెబ్‌సైటు పడిపోయింది. తువాస్ వెళ్లలేదు. రేపు రెండు గంటలు చేస్తాను.

జూన్ 6
రేపు మూడు గంటలు.

జూన్ 10, శనివారం
కారవాన్‌తో వెనక్కి నడపడం ఇవాళ నేర్చుకోవాలి. వాన. అయినా మేం వెళ్లేది ముందుకే కదా! బదులుగా కర్టెన్లు కొన్నాం. పసుప్పచ్చవి. అదిరిపోయాయి!

జూన్ 13
అంకుల్ ఫోను, మాట చివర ఇక్కడి అలవాటు 'లా'తో. "సాయిబాబూ, లైట్లు నేనే సరిచేసీసినాను లా. టైర్లకి గాలి కూడా కొట్టించీసినాను. కామెరాన్ కూడా నన్నే పొమ్మంటావా ఏంటి?"
పని అప్పగించడం కూడా మేనేజ్‌మెంటే.

జూన్ 16. సాయంత్రం 7.00
సామాను ఎక్కించాం. రైస్ కుక్కర్, దోసెల పెనం, రెండు జాడీల ఆవకాయ, మినప్పప్పు, గ్రైండర్.
"బరువెక్కువైపోయింది, ముప్పై కిలోలు దించాల" అన్నారు అంకుల్.
"గ్రైండర్ దించితే నేనూ దిగిపోతా" అంది కల్పన.
కాగితం తీసి లెక్క కట్టాను. ట్యాంకు నిండా పోయిస్తే పెట్రోలే ముప్పై కిలోలు దాటుతుంది! కారులో పావు ట్యాంకు ఉంది. నింపను! సరిహద్దు దాటి జొహోర్ వెళ్లాక పోయించుకుంటాం. గ్రైండరూ ఉంటుంది, కల్పనా ఉంటుంది. నన్ను నేనే మెచ్చుకున్నాను.

జూన్ 17. ఉదయం 7.40
ఉడ్‌లాండ్స్ చెక్‌పోస్టు. ఆఫీసరు పెట్రోలు ముల్లు చూశాడు. సింగపూర్ కారు సరిహద్దు దాటాలంటే ట్యాంకు ముప్పావు నిండి ఉండాలట! నేనెప్పుడూ బస్సులోనే దాటాను, నాకేం తెలుసు? వెనక్కి పంపించేశాడు.

8.30
పెట్రోలు బంకు. ట్యాంకు నిండింది! ముందు లారీ చెడిపోయి ఆగింది. వెనక్కి రావాలి. నేను కుడికి తిప్పితే కారవాన్ ఎడమకి పోతోంది.
"డాడీ, అదర్ సైడ్ లా!"
"ఇటు! అయ్యో, ఇటంటే అటు!" ఇది కల్పన.

8.45
కారవాన్ చక్రం కాలవలో పడింది. ఇరుసు వంగింది. అంకుల్ లారీ వేసుకొచ్చి తువాస్‌కి ఈడ్చుకెళ్లారు.
శర్మిల ఏడవలేదు. "ఇట్స్ ఓకే, డాడీ" అంది. ఏడ్చినా బాగుండేది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

జూన్ 24, శనివారం. సాయంత్రం 4.00
సెలవుల్లో ఆఖరి శనివారం. కొత్త ఇరుసు ఇంకా రాలేదు. కారవాన్ షెడ్డులో ఇటుకల మీద నిలబడి ఉంది. అయినా వెళ్లాం. కల్పన లోపలే దోసెలు పోసింది. అంకుల్ ఏడు తిన్నారు. శర్మిల పై పడక ఎక్కి రెండు గంటలు నిద్రపోయి లేచింది.
"ఐ స్లెప్ట్, డాడీ. సో ఐ డిడ్ నాట్ లై, రైట్?"
అబద్ధం కాదమ్మా, అన్నాను.

జూన్ 26, సోమవారం. సాయంత్రం 6.30
బడి తెరిచారు. చక్రాల ఇంట్లో నిద్రపోయానని క్లాసులో చెప్పిందట. అది కదిలిందా అని ఎవరూ అడగలేదట! ఆ ఊపులో డిసెంబరు సెలవులకి నలుగురు స్నేహితురాళ్లని పిలిచేసింది. నలుగురి అమ్మలూ ఫోను చేసి నాకు థాంక్స్ చెప్పారు.
మొత్తం ఏడుగురం. పడకలు మూడు.
తీర్మానం: డిసెంబరు 2, శనివారం, ఉదయం ఆరింటికి ప్రయాణం. రోజూ రెండు గంటల పని. రేపు వీలుకాదు, ఎల్లుండి నుంచి.