మా అప్ప తల చుట్టూ తిప్పిన మూడు ముద్దల సంగతి

సుంగై సిపుట్,
6 ఆగస్టు 1953

జిల్లా అధికారి దొరవారి సముఖమునకు, చెంపక రబ్బరు తోట రెండో డివిజనులో మండోరుగా, అనగా పాలుగీత కూలీల మీద మేస్త్రీగా పనిచేయుచున్న బంగారయ్య మిక్కిలి వినయముతో వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చి, గడప తొక్కకముందే అరెస్టయిన మా అప్ప అచ్చమ్మను విడిచిపెట్టుట గురించి; కంచె అవతల దొరికిన అన్నపు ముద్దలు అడవిలోని కమ్యూనిస్టుల కొరకు వేసినవి కావని తెలియజేయుట గురించి.

1. సదరు అచ్చమ్మ నా తోడబుట్టిన అప్ప, అనగా అక్క. వయస్సు యాభై నాలుగు. మా అమ్మ పోయేనాటికి నాకు మూడేళ్ళు. అన్నం కలిపి, ముద్దలు చేసి నా నోట్లో పెట్టి పెంచిన మనిషి ఈమె. నేను ఇరవయ్యోయేట స్టీమరెక్కి ఈ దేశం వచ్చితిని. అది మొదలు ఇరవై మూడేళ్ళుగా "ఒక్కసారి వచ్చి నా ఇల్లు చూసిపో అప్పా" అని ఉత్తరాలు వ్రాయుచునే ఉంటిని. ఆమె రాను రాననుచునే చివరకు జూలై 11వ తేదీన సరియైన కాగితములతో పినాంగు రేవులో దిగినది. ఒక రేకుపెట్టె, తాటితాండ్ర మూట తప్ప ఆమె వద్ద మరేమియు లేవు. తాండ్రను కూడా తమ పోలీసువారు కోసి చూచినారు.

2. తమ దేశంలో చుట్టం వస్తే ఏమి చేయుదురో నాకు తెలియదు. మా వైపు సముద్రం దాటి, ఏళ్ళ తరబడి కంటికి కనబడని మనిషి వస్తే, నేరుగా ఇంట్లోకి రానివ్వరు. పొలిమేర దగ్గర నిలబెట్టి మూడు అన్నపు ముద్దలతో దిష్టి తీయుదురు. పసుపూ సున్నమూ కలిపిన ఎర్ర ముద్ద ఒకటి, బొగ్గుపొడి కలిపిన నల్ల ముద్ద ఒకటి, ఉత్త పసుపు ముద్ద ఒకటి. తల చుట్టూ తిప్పి పొలిమేర అవతలకు విసిరి, వెనుదిరిగి చూడకుండా రావలెను. మా తోటకు పొలిమేర ఏది? అడవిలోని కమ్యూనిస్టులను అణచుటకు పెట్టిన ఈ ఎమర్జెన్సీలో మమ్మల్నందరినీ ఒకచోట చేర్చి తమరు వేయించిన ముళ్ళకంచే కదా.

3. 12వ తేదీ ఆదివారం ఉదయం అప్ప గేటు లోపల తన రేకుపెట్టె మీద కూర్చున్నది. బియ్యం ఇళ్ళలో ఉంచరాదని, అన్నం అందరికీ ఒకే వంటశాలలో వండవలెనని, అడవివారికి అందకుండా మెతుకు కూడా కంచె దాటరాదని తమరి ఉత్తరువు. ఆ ఉత్తరువును మా కూలీలకు చదివి వినిపించినది నేనే. అయినను నా వంతు అన్నములోనే మూడు ముద్దలు చేసి, అప్ప తల చుట్టూ తిప్పి, కంచె మీదుగా విసిరితిని. ఇది నేరమన్న ఆలోచనే రాలేదు. ఆమె చీరకు చిన్నప్పటి వాసనే ఉన్నది. ఆ క్షణంలో నాకు ఎమర్జెన్సీ గుర్తు లేదు, దొరవారూ గుర్తు లేరు.

స్పెషల్ కానిస్టేబుల్ గోవిందన్ ఈల వేసినాడు. అవతల రెండు ముద్దలు దొరికినవి. మూడవది కుక్క తినినది. కుక్క రంగు, ఎత్తు, అది అడవి వైపు పోయినదా తోట వైపు పోయినదా అన్నది నమోదు చేసుకొన్నారు. ఎర్ర ముద్దకు అర్థమేమి, నల్ల ముద్దకు అర్థమేమి, ఇది ఎవరికి సైగ అని రెండు గంటలు ప్రశ్నించినారు. దిష్టికి అర్థమేమని చెప్పమంటారు?

4. ఇక వ్రాయవలసినది వ్రాయుచున్నాను. గేటు దగ్గర మేము ముగ్గురము నిలబడి ఉంటిమి: అప్ప, నా భార్య పుష్పవల్లి, నేను. పుష్పవల్లి చంకలో ఏడు నెలల బిడ్డ. అన్నం విసిరినది ఎవరని ఇన్‌స్పెక్టరు తమిళంలో అడిగినాడు. అడవివారికి తిండి అందించినవారిని జీవితాంతం జైల్లో పెట్టవచ్చునని తోట గుమాస్తా, అనగా క్రాణీ వెంకటసామి అంతకు ముందు వారమే చెప్పియున్నాడు. పరదేశపు ముసలమ్మనైతే ఓడెక్కించి పంపేస్తారు, అంతకన్నా ఏమి చేస్తారు అనుకొంటిని. "ఈమే" అని అప్పను చూపించితిని.

అప్పకు తమిళం రాదు. "ఏటంతన్నాడు తమ్ముడా?" అని నన్నే అడిగింది.

"ఏటీ లేదప్పా. పేరడుగుతన్నాడు. అవునని తలూపు" అన్నాను.

తల ఊపింది. నా వైపు చూసి నవ్వుతూ ఊపింది. కాగితం మీద వేలిముద్ర వేయమంటే, ఎక్కడ వేయాలో కూడా నన్నే అడిగింది. నేను ఆమె బొటనవేలు పట్టుకొని వేయించినాను.

5. ప్రస్తుతము ఆమె డిటెన్షన్ క్యాంపులో ఉన్నది. ఆదివారములు పోయి కంచె బయట నిలబడి చూచుచున్నాను. ఓడ దిగినవాళ్ళను రోగాలేమైనా ఉన్నాయేమోనని ఇలా విడిగా ఉంచుతారని చెప్పితిని, నమ్మినది. "ఈ దేశంలో సుట్టాన్ని ఇలగే సూస్తారేటిరా?" అని ఒకసారి అడిగినది. "నా మాట అలాగుండనీ, నువ్వు సిక్కిపోనావు. తింతన్నావా?" అనినది. గడచిన ఆదివారము మాత్రము, లోపల ఎవరో చెప్పినట్లున్నారు, "అర్జీ ఎడితే వదుల్తారంట. అర్జీ ఎట్టినావా తమ్ముడా?" అని అడిగినది. పెట్టినానని చెప్పితిని. అప్పటికి పెట్టలేదు.

6. ఈ నెల 11వ తేదీ మంగళవారము ఆమెను ఓడెక్కించి దేశం నుంచి పంపివేయుటకు ఉత్తరువు అయినది. కావున తమరు దయ తలచి ఆమెను విడుదల చేయించవలెను. అది వీలుకానిచో, పోలీసు కాపలాతోనైనా ఒక్క పూట నా ఇంటికి పంపవలెను. అన్నం వంటశాలదే పెట్టుదును. గడప దాటించి, పీట వేసి, ఆమె ఎదుట నేను కూర్చుండవలెను. అదియు వీలుకానిచో, ఓడ ఎక్కువరకు ముద్దలు వేసినది తానేనని కాగితంలో వ్రాసియున్న సంగతి ఆమెకు తెలియనివ్వకుండవలెను. మూడింటిలో ఈ మూడవదే నాకు ముఖ్యము.

పైన వ్రాసినదంతయు సత్యము. దొరవారు తమ పనుల నడుమ ఒక్క నిమిషము దీనిని చిత్తగించవలెనని చేతులు జోడించి వేడుకొనుచున్నాను.

ఇట్లు,
తమ ఉత్తరువులను కూలీలకు చదివి వినిపించు
తమ విధేయుడు,
బంగారయ్య, మండోరు

తా.క. ఈ అర్జీ ఇంగ్లీషులో వ్రాసిపెడతానని క్రాణీ వెంకటసామి తనంతట తానే అన్నాడు. వద్దన్నాను. తమ కచేరీలో తెలుగు చదివేవారు ఒక్కరూ లేరని అక్కడి గేటు దగ్గరి నౌకరును రెండుసార్లు అడిగి తెలుసుకొన్న తరువాతనే కూర్చుని వ్రాసినాను. అందుకే నాలుగవ సంగతి దాచకుండా వ్రాయగలిగినాను. జవాబు అక్కరలేదు. అర్జీ ముట్టినట్లు రసీదు మాత్రము ఇప్పించవలెను. ఆదివారం అప్పకు చూపించాలి. ఆమెకు చదువు రాదు, ముద్ర ఉంటే చాలు.